మంచం ఒకటే, చదువులు ఐదు: రోగి భద్రతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రోగి భద్రతను ఎలా నేర్పాలి, ఎలా నేర్చుకోవాలి అని ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు టీచర్లు, విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఇక్కడిచ్చిన మోతాదులు పాఠం కోసమే. వార్డులో మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌దే చివరి మాట.

ప్రశ్న: మా సంస్థలో నర్సింగ్, డీఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ కోర్సులున్నాయి. పక్కనే పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్లు ఉంటారు. అందరికీ కలిపి పేషెంట్ సేఫ్టీ పాఠం పెట్టమన్నారు. సిలబస్ ఏది? ఎక్కడ మొదలుపెట్టాలి?
— నర్సింగ్ ట్యూటర్, బరంపురం

సిలబస్ సిద్ధంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వైద్య కళాశాలల కోసం ఒక పాఠ్య మార్గదర్శిని తెచ్చింది. 2011లో దాన్ని దంతవైద్యం, వైద్యం, ప్రసూతి సేవ, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులందరికీ పనికొచ్చేలా విస్తరించింది. అందులో 11 అంశాలున్నాయి. భద్రత అంటే ఏమిటన్న దగ్గర మొదలై, అలసట, మతిమరుపు లాంటి మానవ కారణాలు, జట్టు పని, తప్పుల నుంచి నేర్చుకోవడం, ఇన్‌ఫెక్షన్ల నివారణ మీదుగా మందుల భద్రత దాకా వెళ్తాయి. ఆ పదకొండూ వరసగా లెక్చర్లు కొడితే మూడో వారానికి హాలు సగం ఖాళీ అవుతుంది. మొదటి ఏడాదికి మూడు తీసుకోండి: మందులు, జట్టు పని, తప్పుల నుంచి నేర్చుకోవడం.

ఎవరి గదిలో వాళ్లకు చెబితే అసలు సంగతే జారిపోతుంది. వార్డులో చాలా పొరపాట్లు పని చేతులు మారేచోట పుడతాయి. డాక్టరు రాసింది ఫార్మసిస్టు చదివేటప్పుడు, ఫార్మసిస్టు ఇచ్చింది నర్సు కలిపేటప్పుడు, తీసిన రక్తం ల్యాబ్‌కు చేరేటప్పుడు. అందుకే మొదటి పాఠం అందరూ ఒకే మంచం చుట్టూ నిలబడి నేర్చుకునేదై ఉండాలి.

మేం చెప్పేది ‘తప్పుల గది’ పద్ధతి. మధ్యాహ్నం ఓపీ అయ్యాక స్కిల్ ల్యాబ్‌లోనో, ఖాళీ గదిలోనో ఒక మంచం వేయండి. బొమ్మ లేకపోతే ఒక విద్యార్థిని పడుకోబెట్టండి. గుమ్మానికి కేసు అంటించండి: 62 ఏళ్ల మహిళ, షుగర్ ఉంది, తుంటి ఆపరేషన్ అయిన రెండో రోజు, పెన్సిలిన్ పడదు. ఇక లోపల పది తప్పులు పెట్టండి. చేతి పట్టీ మీద వయసు 26 అని ఉండాలి. రోగి వివరాలు రాసే బెడ్ హెడ్ టికెట్‌లో పెన్సిలిన్ పడదని ఎర్ర సిరాతో రాసి ఉండగా బల్ల మీద అదే జాతి మందైన అమాక్సిసిలిన్ స్ట్రిప్ ఉండాలి. 40 యూనిట్ల ఇన్సులిన్ వయల్ పక్కన నారింజ మూత సిరంజి, మందు కలిపి లేబుల్ వేయని సెలైన్, పేరు రాయని రక్తం ట్యూబు, మూత తిరిగి పెట్టి పసుపు సంచిలో పడేసిన సూది పెట్టండి. ముక్కుకు ఆక్సిజన్ ఉండాలి, సిలిండర్ గేజ్ మాత్రం సున్నా చూపాలి. మూత్రం సంచి నేలమీద పడి ఉండాలి. మంచం చక్రాలకు బ్రేక్ ఉండకూడదు. వాకర్ గోడ దగ్గర, దాని దారిలో తడి నేల. వీటితోపాటు తప్పులా కనిపించే ఒప్పు కూడా ఒకటి పెట్టండి, అనుమానాన్ని రుజువు చేసుకోవడమూ నేర్చుకుంటారు.

ఆరుగురి జట్టు, ఒక్కో కోర్సు నుంచి కనీసం ఒకరు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఎవరి కాగితం మీద వారు రాసుకోవాలి. మాట్లాడనిస్తే హౌస్ సర్జన్ చెప్పిందానికి మిగతావాళ్లు తలూపుతారు. తర్వాత ఐదు నిమిషాలు కాగితాలు కలిపి చూసుకోవాలి. చర్చకు మాత్రం 40 నిమిషాలు తగ్గకూడదు. మొదట ల్యాబ్, ఫార్మసీ మొదటి సంవత్సరం వాళ్లు మాట్లాడాలి, హౌస్ సర్జన్లు చివర. ప్రతి తప్పుకూ టీచరు రెండే అడగాలి: ఇది ఎవరి కంట పడింది? మిగతావాళ్ల కంట ఎందుకు పడలేదు? సిరంజిని ఫార్మసీ విద్యార్థి, తడి నేలను ఫిజియో విద్యార్థి ముందు చూస్తే, ఒకరి కన్ను చాలదని టీచరు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతి చెడేది మూడు చోట్ల. పాతిక తప్పులు పెడితే అది దాగుడుమూతల ఆట అవుతుంది. టీచరు జవాబుల చిట్టా చదివేస్తే చర్చ చచ్చిపోతుంది. మూడోదే అసలు ప్రమాదం: పాఠానికి వాడిన వయల్, సెలైన్ పొరపాటున నిజం వార్డులోకి పోవడం. ప్రతి వస్తువు మీద ‘శిక్షణకు మాత్రమే’ అని అంటించి, గది మూసేముందు లెక్కపెట్టి పెట్టెలో వేసి తాళం వేయండి.

ప్రశ్న: ఉమ్మడి క్లాసులో మా ఫార్మసీ పిల్లలు ప్రేక్షకుల్లా కూర్చుంటున్నారు. వాళ్ల చేత ఏం చేయించాలి?
— ఫార్మసీ లెక్చరర్, రాయగడ

వాళ్లను విద్యార్థులుగా కాదు, ఆ గంటకు టీచర్లుగా నిలబెట్టండి. మూడు ప్రదర్శనలు చాలు.

మొదటిది ఇన్సులిన్. మన దగ్గర వయల్స్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. రంగు నీళ్లతో చూపించండి. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజితో ‘20’ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే ఎనిమిదే యూనిట్లు. తిరగేసి 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో ‘20’ దాకా లాగితే అర మి.లీ., అంటే 50 యూనిట్లు. రెండోది ప్రమాదమని అందరికీ తెలుస్తుంది. మొదటిది ఎందుకు ప్రమాదమో నర్సింగ్ పిల్లల్ని అడగండి. మందు సగం కూడా పడక షుగర్ దిగదు, డాక్టరు మోతాదు పెంచుతారు, ఆ పెంచిన మోతాదును ఇంటి దగ్గర సరైన సిరంజితో వేసుకున్న రోజున షుగర్ మరీ తగ్గి రోగి పడిపోతాడు. ఇచ్ఛాపురంలో వయల్ కొని బరంపురంలో సిరంజి కొనేవారున్న ప్రాంతం మనది. కాబట్టి డిశ్చార్జి రోజున రోగి సంచిలోంచి వయల్, సిరంజి రెండూ బయటికి తీయించి చూడటం నర్సు, ఫార్మసిస్టు ఇద్దరూ నేర్చుకోవాలి.

రెండోది పొటాషియం క్లోరైడ్. 15 శాతం ఆంపుల్ 10 మి.లీ.లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి నెడితే గుండె ఆగుతుంది. ఇది అందరికీ పాఠంలో ఉన్నదే. పాఠంలో సరిగా పడనిది ఇంకొకటి: వేలాడుతున్న సెలైన్ సంచిలోకి దీన్ని ఎక్కించి వదిలేస్తే కలవదు. సెలైన్ కంటే బరువు కాబట్టి అడుగున, అంటే సరిగ్గా గొట్టం మొదలయ్యేచోట, చేరుతుంది. గడువు దాటిన ఆంపుల్‌లో రెండు చుక్కల సిరా వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ సెలైన్ సంచిలోకి కింది పోర్టు నుంచి నెమ్మదిగా ఎక్కించి చూపండి. రంగు అడుగున పొరలా నిలుస్తుంది. తర్వాత సంచిని స్టాండు మీంచి దించి పదిసార్లు తలకిందులు చేసి చూపండి. గొట్టం క్లిప్పు మూసి, మందు ఎక్కించి, కలిపి, లేబుల్ వేసి, అప్పుడు తగిలించాలి. ఆ వరస ఎందుకో ఈ ఒక్కసారి కళ్లతో చూస్తే మళ్లీ చెప్పక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్ పక్క ట్రేలోనే పొటాషియం పెట్టకూడదన్నది కూడా ఇక్కడే చెప్పించండి.

మూడోది పిల్లల పారాసిటమాల్. కిలోకు 15 మి.గ్రా. లెక్కన పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి. డ్రాప్స్ మి.లీ.కి 100 మి.గ్రా. అయితే ఒకటిన్నర మి.లీ., ఐదు మి.లీ.లో 125 ఉన్న సిరప్ అయితే ఆరు మి.లీ., 250 ఉన్నదైతే మూడు మి.లీ. మూడు సీసాలూ బల్ల మీద పెట్టి, ఒకే మోతాదు మూడు సిరంజిల్లోకి తీయించండి. తల్లికి “ఒక చెంచా పట్టించమ్మా” అంటే డ్రాప్స్ సీసాతో ఐదు మి.లీ., అంటే 500 మి.గ్రా. పడుతుంది. చీటీ మీద మి.లీ. ఒక్కటే కాదు, మి.గ్రా., సీసా బలం కూడా రాయాలని ఈ పాఠం అడుగుతుంది. రాసేది హౌస్ సర్జన్ కాబట్టి ఆ సిరంజిలు ఆయన చేతే తీయించాలి.

ప్రశ్న: లేబర్ రూమ్ పోస్టింగ్‌లో ఉన్నాను, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. పెద్ద సార్ చెప్పింది తేడాగా అనిపిస్తే ఎలా అడగాలి? సిస్టర్లే నోరెత్తరు.
— విద్యార్థిని, పర్లాకిమిడి

ధైర్యం తెచ్చుకోమని చెప్పడం తేలిక. అప్పటికప్పుడు నోట్లోకి రావాల్సింది ఒక వాక్యం, దాన్ని ముందే అలవాటు చేసుకోవాలి.

మొదటి మెట్టులో సందేహాన్ని అంకెలతో అడగండి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ నాలుగు గ్రాములు నరంలోకి ఇవ్వమన్నారనుకుందాం. “సార్, 50 శాతం ఆంపుల్ 2 మి.లీ.లో ఒక గ్రాము. నాలుగు ఆంపుల్స్ అంటే 8 మి.లీ., 12 మి.లీ. నీళ్లు కలిపితే 20 మి.లీ. కనీసం ఐదు నిమిషాల పాటు నెమ్మదిగా. సరేనా సార్?” ఇందులో ఎదిరింపు లేదు. విన్నది తిరిగి చెప్పడమే. విన్న డాక్టరు ‘సరే’ అనేదాకా మందు కదలకూడదు. ఒక మి.లీ. ఆంపుల్స్ కూడా దొరుకుతాయి, వాటిలో అర గ్రామే ఉంటుంది. “నాలుగు ఆంపుల్స్” అని లెక్కపెట్టడం కాదు, గ్రాములు చదవడం అలవాటు చేసుకోండి.

రెండో మెట్టులో కారణంతో ఇబ్బంది చెప్పాలి. “సార్, మోకాలి రిఫ్లెక్స్ రావట్లేదు, ఊపిరి నిమిషానికి 12. తర్వాతి డోసు ఇవ్వడానికి భయంగా ఉంది.” ఆ మందుకు ముందు చూసేవి మూడే: రిఫ్లెక్స్ ఉండాలి, ఊపిరి 16కి తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మి.లీ.కి తగ్గకూడదు. మూడో మెట్టు ఆపమనడం: “సార్, తల్లికి ప్రమాదం. ఆపుదాం, కాల్షియం గ్లూకోనేట్ తీస్తున్నాను.” మెగ్నీషియానికి విరుగుడు అదే. పది శాతం గ్లూకోనేట్ 10 మి.లీ., పది నిమిషాల్లో నెమ్మదిగా ఇచ్చేది ట్రేలో ముందే ఉండాలి. రెండుసార్లు చెప్పినా వినకపోతే ఇన్‌చార్జి సిస్టర్‌ను పిలవండి. ఇది చాడీ కాదు. విద్యార్థిగా మీరు ఒంటరిగా మందు ఇవ్వకూడదు కూడా, కాబట్టి పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలి.

ఇది చదివితే రాదు. టీచర్లకు మా మాట: పాత్రలు తిరగేయండి. హౌస్ సర్జన్ నర్సింగ్ విద్యార్థి కావాలి. టీచరు “నాకు చెప్తున్నావా?” అని విసుక్కునే పెద్ద సార్ కావాలి. ఒక్కొక్కరూ రెండుసార్లు విసుగు తిని, మూడోసారి కూడా అడగాలి. డాక్టర్లకు వేరే అభ్యాసం: ఎవరైనా అడ్డు చెబితే మొదట నోట్లోంచి రావాల్సింది “మంచిదే అడిగావు, చూద్దాం” అన్న మాట. రెండోదాన్ని అభ్యాసం చేయించకుండా మొదటిదాన్ని మాత్రమే నేర్పితే పిల్లలు వార్డులో దెబ్బతిని వస్తారు.

ఫోన్‌లో చెప్పేటప్పుడు నాలుగు భాగాలు: ఇప్పుడేం జరుగుతోంది, రోగి నేపథ్యం, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. “సార్, లేబర్ రూమ్ నుంచి స్టూడెంట్‌ని, సిస్టర్ పక్కనే ఉన్నారు. ఐదో నంబరు తల్లికి రక్తం ఆగట్లేదు, బీపీ 90/60, పల్స్ 124. నలభై నిమిషాల క్రితం నార్మల్ డెలివరీ, మూడో కాన్పు. గర్భసంచి మెత్తగా ఉంది సార్. ఇప్పుడే రండి, ఈలోగా ఏం మొదలుపెట్టమంటారు?” అర నిమిషం. చాలామంది నాలుగో భాగం వదిలేస్తారు. “బ్లీడింగ్ ఉంది సార్” అని ఆపేస్తే అవతలివారు “చూస్తూ ఉండు” అంటారు.

ప్రశ్న: మా వార్డులో డాక్టరుది ఒడియా, సిస్టర్లలో సగం తెలుగు, రోగులు సవర, కువి మాట్లాడతారు. విద్యార్థులకు భాష గురించి ఏం నేర్పాలి?
— స్టాఫ్ నర్సు, గుణుపురం

ముందు పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, ఒడియావారికి చివర. రిజిస్టరులో చివరి మాటనే ఇంటిపేరుగా ఎక్కిస్తే ఒకే మనిషికి రెండు రికార్డులు, ఇద్దరు లక్ష్ములకు ఒక రికార్డు తయారవుతాయి. అందుకని పేరుతోపాటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా సరిచూడాలి. మంచం నంబరు గుర్తింపు కాదు, మంచాలు మారతాయి. “మీరు లక్ష్మేనా?” అని అడగొద్దు. అర్థం కాకపోయినా, జ్వరంలో ఉన్నా తలూపేస్తారు. “మీ పేరు చెప్పండి, మీ ఊరేది?” అనాలి.

అంకెలు. నోటిమాట ఆర్డర్లలో పదిహేను, యాభై లాంటివి ఇంగ్లీషులో ఒకేలా వినిపిస్తాయి. “వన్ ఫైవ్” అని విడదీసి చెప్పించండి. కాగితం మీద తెలుగు, ఒడియా అంకెలు వద్దు, మామూలు 1, 2, 3 చాలు.

రోగికి చెప్పాక “అర్థమైందా?” అంటే ఏ భాషలోనైనా జవాబు ఒకటే: ఊఁ. “ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో నాకు చూపించండి” అనండి. తిరిగి చెప్పలేకపోతే లోపం మనం చెప్పడంలో ఉంది. దుబాసీగా బడిపిల్లవాడిని నిలబెట్టొద్దు. ఆశా కార్యకర్త ఉంటే మేలు. ఆమెకు కూడా ముక్కలు ముక్కలుగా, ఒక్కసారి ఒక్క విషయమే చెప్పాలి.

మీ దగ్గర ఈ పాఠానికి సరైన కేసు ప్రైమాక్విన్. జాతీయ మలేరియా మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వైవాక్స్ రకం మలేరియా అయితే రోజుకు 15 మి.గ్రా. చొప్పున 14 రోజులు, ఫాల్సిపారమ్ అయితే ఒక్కసారే 45 మి.గ్రా. 7.5 మి.గ్రా. మాత్రలైతే రోజుకు రెండు, లేదా ఒకేసారి ఆరు. ఈ రెండూ తారుమారై రోజూ ఆరు వేసుకుంటే, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి రక్తకణాలు పగిలి మూత్రం నల్లటి టీ రంగులోకి వస్తుంది. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. ల్యాబ్ విద్యార్థి ఏ రకం మలేరియా అని రాశాడు, హౌస్ సర్జన్ ఏ కోర్సు రాశారు, ఫార్మసిస్టు ఎన్ని మాత్రలు లెక్కపెట్టారు, నర్సు ఏ భాషలో చెప్పింది, మూత్రం రంగు మారితే ఆపి రావాలని రోగికి తెలుసా? ఒక్క రోగి మీద ఐదు చదువులకూ పని దొరుకుతుంది.

ప్రశ్న: మేము ఫిజియోథెరపీ. మందులు ఇవ్వం, సూదులు వేయం. మాకెందుకు ఈ క్లాసు?
— విద్యార్థి, బరంపురం

ఆపరేషన్ తర్వాత రోగిని మొదటిసారి నిలబెట్టేది మీరే కాబట్టి. పడుకున్నప్పుడు బీపీ చూడండి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కూర్చోబెట్టి డాక్టరుకు చెప్పాలి. దానికి ముందు నర్సును ఒక మాట అడగాలి: చివరి నొప్పి మందు ఎప్పుడు, బీపీ మందు వేశారా? పిక్క ఒకవైపే వాచి నొప్పిగా ఉంటే నడిపించకముందే చూపించండి. అక్కడ గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోవచ్చు.

ప్రశ్న: వార్డు నుంచి వచ్చే శాంపిళ్లలో పొటాషియం మరీ ఎక్కువగా, ఏడు, ఎనిమిది అని వస్తోంది, రోగి మాత్రం బాగానే ఉంటున్నాడు. తప్పు ల్యాబ్‌దంటారు. నర్సింగ్ వాళ్లకు ఏం చెప్పాలి?
— ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థి, కోరాపుట్

రెండు అనుమానాలు. మొదటిది, సన్నని సూదితో గట్టిగా లాగడమో, ట్యూబును ఊపడమో జరిగి కణాలు పగలడం. సీరం ఎర్రగా కనిపిస్తుంది. రెండోది, ఊదా మూత ట్యూబులో పోసిన రక్తాన్ని మామూలు ట్యూబులోకి ఒంపడం. ఊదా ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ పొటాషియం ఉప్పు. పొటాషియం పెరిగి, కాల్షియం వింతగా తగ్గితే అదే దొంగ. రక్తం తీసే వరస కల్చర్ సీసా, నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద రంగు. ఒక ట్యూబులోది ఇంకో ట్యూబులో పోయకూడదు.

లేబుల్ సంగతి ఇంకా ముఖ్యం. ముందే పేర్లు రాసిన ఖాళీ ట్యూబులు ట్రేలో పెట్టుకు తిరగడం, తర్వాత నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని రాయడం రెండూ తప్పే. రక్తం తీశాక, మంచం పక్కనే, రోగి చెప్పిన పేరు విని రాయాలి. ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచ్ శాంపిల్‌లో ఈ ఒక్క పొరపాటు ప్రాణం తీస్తుంది. రక్తం ఎక్కించేటప్పుడు మంచం దగ్గర ఇద్దరు సరిచూడాలి. మొదటి 15 నిమిషాలు పక్కనుంచి కదలకూడదు. సంచి నాలుగు గంటల్లో పూర్తి కావాలి. నర్సింగ్ పిల్లలు అరపూట మీ ల్యాబ్‌లో, మీరు అరపూట వాళ్ల వార్డులో ఉండేలా మీ టీచర్లను అడగండి.

ప్రశ్న: ఆపరేషన్ థియేటర్‌లో చెక్‌లిస్టుకు అన్నీ ముందే టిక్కు పెట్టేస్తారు. అది నేర్చుకుని ఏం లాభం?
— ఓటీ టెక్నీషియన్ విద్యార్థి, జయపురం

టిక్కుల వల్ల లాభం లేదు, నిజమే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఆ కాగితంలో 19 అంశాలు, మూడు ఆగే చోట్లు ఉన్నాయి: మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ వదిలే ముందు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అది పెన్ను పనికాదు, ఆగడం పని. నేర్పేటప్పుడు కాగితం ఒకరి చేతిలో, జవాబు మరొకరి నోట్లో ఉండాలి. అందరూ పేరు, పని చెప్పుకోవాలి. పేరు తెలియని మనిషిని “ఆగండి” అనడం కష్టం. కోతకు ముందు జవాబు వచ్చేదాకా కత్తి అందించకపోవడం మీ పాత్ర.

ప్రశ్న: పొరపాట్లు రాయమంటే విద్యార్థులు భయపడుతున్నారు. రాసినవారి మీదే చర్య తీసుకున్న అనుభవం వాళ్లకుంది. ఎలా?
— ప్రిన్సిపల్, గంజాం జిల్లా

ఆ భయం తీరకుండా ఫారాలు అచ్చేయించడం వృథా. మొదటి ఆరు నెలలు జరిగిన నష్టాలు కాదు, తప్పిపోయిన గండాలు మాత్రమే అడగండి. తప్పు మందు చేతిలోకొచ్చి, ఇవ్వకముందే కనిపెట్టినవి. అర పేజీ కాగితం: ఏం జరగబోయింది, ఎక్కడ, ఏ వేళ, ఎలా ఆగింది, మళ్లీ రాకుండా ఏం మార్చాలి. పేర్లు ఉండవు, రోగిదీ రాసినవారిదీ. డబ్బా తాళం ఆసుపత్రి అధికారి దగ్గర కాక ఇద్దరు టీచర్ల దగ్గర ఉండాలి. నెలకోసారి తెరిచి, ఒక్కదాన్ని ఎంచుకుని, అన్ని కోర్సులవారూ గంట కూర్చోవాలి.

ఆ గంటలో “ఎవరు?” అన్న ప్రశ్న రాకూడదు. ఉదాహరణకు, రాత్రి డ్యూటీలో ఒకరి యాంటీబయాటిక్ పక్కవారికి కలిపారు. ఎందుకు? ట్రేలో రెండు సిరంజిలు, రెంటికీ పేరు లేదు. ఎందుకు లేదు? లేబుళ్లు స్టోర్‌లో ఉన్నాయి, స్టోర్ సాయంత్రమే మూస్తారు. ఎందుకు రెండూ ఒకేసారి కలిపారు? ఒక్క నర్సుకు వార్డంతా. మూడు ప్రశ్నల్లోనే మనిషి దగ్గర్నుంచి తాళం దగ్గరికి వచ్చాం. “జాగ్రత్తగా ఉండాలి” అన్నది పరిష్కారంగా రాస్తే తిప్పిపంపండి. లేబుల్ రోల్ ట్రేకే కట్టడం పరిష్కారం.

అంతమాత్రాన అన్నీ మాఫీ కాదు. మనిషన్నాక జరిగే పొరపాటుకు ఓదార్పు, దగ్గరదారి అలవాటుకు మందలింపుతో కూడిన శిక్షణ, తెలిసి తెలిసి చేసిన నిర్లక్ష్యానికి చర్య. ఈ తేడాను మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. మందు పడక వచ్చిన దుష్ఫలితాలకైతే వేరే దారి ఉంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024లో చెప్పొచ్చు. ఆ ఫారం నింపడం ఫార్మసీ విద్యార్థులకు లెక్కలోకొచ్చే అసైన్‌మెంట్‌గా ఇవ్వండి.

ప్రశ్న: దీనికి పరీక్ష ఎలా పెట్టాలి?
— ట్యూటర్, రాయగడ

రాత పరీక్ష చాలదు. ఐదేసి నిమిషాల ఆరు స్టేషన్లు పెట్టండి: చేతులు కడగడం, ఇన్సులిన్ తీయడం, రోగిని గుర్తించి శాంపిల్ లేబుల్ చేయడం, ఫోన్‌లో నాలుగు భాగాల్లో చెప్పడం, తప్పు ఆర్డరుకు అడ్డు చెప్పడం, రోగి చేత తిరిగి చెప్పించడం. చేతులకు గడియారం పెట్టండి. ఆల్కహాల్ రబ్ అయితే 20–30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40–60. బొటనవేలు, వేళ్ల కొసలు వదిలేశారా చూడండి. ఐదో స్టేషన్‌లో మార్కు గొంతు పెంచినందుకు కాదు, అంకెతో అడిగినందుకు, రెండోసారి అడిగినందుకు. అడ్డు చెప్పే స్టేషన్‌లో హౌస్ సర్జన్‌కు, డీఫార్మసీ విద్యార్థికి ఒకే మార్కుల చిట్టా ఉండాలి.

ప్రశ్న: పోస్టింగ్‌లో సూది గుచ్చుకుంటే మేమేం చేయాలి? చెబితే తిడతారేమోనని చాలామంది దాచేస్తున్నారు.
— ల్యాబ్, నర్సింగ్ విద్యార్థులు, పర్లాకిమిడి

సబ్బు, పారే నీళ్లతో వెంటనే కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ రుద్దొద్దు. ఎవరి రక్తమో చూసుకుని వెంటనే క్యాజువాలిటీ డాక్టరుకు చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి డోసు రెండు గంటల్లోపు పడటం మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు పూర్తిచేయాలి. హెపటైటిస్ బి టీకా సున్నా, ఒకటి, ఆరో నెలల్లో మూడు డోసులు. పోస్టింగ్ మొదలయ్యేముందు ఆ కార్డు చూపించమని కాలేజీ అడగాలి. కాలేజీ అడగకపోతే మీరే టీకా ఎక్కడ వేస్తారని అడగండి. మందు ఎక్కడ దొరుకుతుంది, రాత్రిపూట ఎవరి దగ్గర తాళం ఉంటుంది అన్న రెండు సంగతులు మొదటి రోజే కనుక్కుని, ఐడీ కార్డు వెనక రాసి పెట్టుకోండి.